చేతిలోని తెర మీద స్లయిడ్లు చదువుకోవడం ఎలా

గోడ మీద పెద్దగా వేసి చూపడానికి తయారుచేసిన స్లయిడ్లను అరచేతిలో ఇమిడే తెర మీద చదువుకోవలసి రావడం ఇప్పుడు చాలామందికి తరచూ ఎదురయ్యే పని. తరగతి ముగిశాక అధ్యాపకులు స్లయిడ్లు పంపుతారు, సమావేశానికి ముందు రోజు రాత్రి సహోద్యోగి తన ప్రదర్శనను ఒకసారి చూసిపెట్టమంటారు, ప్రయాణంలో ఉన్నప్పుడు మన స్లయిడ్లనే మనం మరొకసారి తిరగేసుకోవలసి వస్తుంది. అప్పుడు చేతిలో ఉండేది ఫోను, మహా అయితే చిన్న ట్యాబ్లెట్. ఫైలు తెరిస్తే అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. కొన్నిసార్లు తెలుగు ఉండవలసిన చోట అర్థంలేని రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. కొన్నిసార్లు ఫైలు అసలు తెరుచుకోదు. చాలామంది వెంటనే ఇంకొక యాప్ కోసం వెతుకుతారు. నా అనుభవంలో యాప్ మార్చడం వల్ల తీరిన ఇబ్బందుల కన్నా, ఫైలును ఏ రూపంలో ఫోనులోకి తెచ్చుకోవాలో ముందే ఆలోచించడం వల్ల తీరినవే ఎక్కువ. అందుకే ఇక్కడ యాప్‌ల గురించి తక్కువగా, ఫైలు గురించి ఎక్కువగా చెబుతాను.

అక్షరం ఎంత చిన్నదవుతుంది

వెబ్ పేజీని ఫోనులో తెరిచినప్పుడు వాక్యాలు తెర వెడల్పును బట్టి విరిగి కిందికి సర్దుకుంటాయి. స్లయిడుకు ఆ వెసులుబాటు లేదు. అది నిర్ణీత కొలతలు గల కాగితం లాంటిది. దాని మీద ప్రతి అక్షరానికీ, ప్రతి బొమ్మకూ చోటు ముందే ఖాయమై ఉంటుంది కనుక, తెర చిన్నదైనప్పుడు కాగితం మొత్తం కుంచించుకుపోతుంది. పవర్‌పాయింట్‌లో 16:9 నిష్పత్తి గల స్లయిడు వెడల్పు 13.33 అంగుళాలు, ఎత్తు 7.5 అంగుళాలు, పాత 4:3 స్లయిడు వెడల్పు 10 అంగుళాలు, ఎత్తు అదే 7.5 అంగుళాలు. 6.1 అంగుళాల ఫోను తెరను తీసుకుందాం. ఆ 6.1 అంగుళాలు మూల నుంచి మూలకు కొలిచినవి. తెర పొడవు సుమారు 5.5 అంగుళాలు, వెడల్పు సుమారు 2.55 అంగుళాలు మాత్రమే.

ఫోనును నిలువుగా పట్టుకుని 16:9 స్లయిడు తెరిస్తే 13.33 అంగుళాల వెడల్పు 2.55 అంగుళాలలోకి రావాలి, అంటే స్లయిడు తన అసలు కొలతలో ఐదో వంతుకు కాస్త తక్కువ అవుతుంది. స్లయిడు మీద 18 పాయింట్లతో (పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు) రాసిన వాక్యం తెర మీద సుమారు మూడున్నర పాయింట్లకు దిగుతుంది. అదే ఫోనును అడ్డంగా తిప్పితే స్లయిడు ఎత్తు 2.55 అంగుళాల వరకు పెరుగుతుంది, 18 పాయింట్ల అక్షరం 6 పాయింట్లకు చేరుతుంది, 24 పాయింట్ల అక్షరం 8 పాయింట్లకు, 32 పాయింట్లది దాదాపు 11 పాయింట్లకు చేరుతుంది. అచ్చు పుస్తకాలలో మనకు అలవాటైన అక్షరం 10, 11 పాయింట్ల ప్రాంతంలో ఉంటుంది కనుక, ఫోను తెర మీద ఇబ్బంది లేకుండా చదవగలిగేది స్లయిడు మీద 30 పాయింట్లకు పైబడి రాసినది మాత్రమేనని ఈ లెక్క చెబుతుంది. 10 అంగుళాల ట్యాబ్లెట్ మీద, దాని తెర 4:3 నిష్పత్తిలో ఉంటే, 16:9 స్లయిడులోని 18 పాయింట్ల అక్షరం 11 పాయింట్లకు దగ్గరగా కనిపిస్తుంది. స్లయిడ్లు తరచుగా చదవవలసినవారికి ట్యాబ్లెట్ ఎందుకు నయమో ఈ ఒక్క అంకెతో తెలుస్తుంది.

తెలుగు విషయంలో లెక్క మరికొంత కఠినం. ఒత్తులు అక్షరానికి కింద, గుణింతపు గుర్తులు ఎక్కువగా పైన చేరతాయి కనుక అవి ప్రధానాక్షరం కన్నా చిన్నవిగా ఉంటాయి. ప, ఫ, ష అక్షరాల మధ్య తేడా ఒక చిన్న గీతలోనే ఉంది. 6 పాయింట్లలో ఆంగ్ల పదాన్ని ఎలాగో గుర్తుపట్టినా, రెండు ఒత్తులున్న తెలుగు మాటను అదే కొలతలో గుర్తుపట్టడం చాలా కష్టం.

ఫోను సెట్టింగులలో అక్షరాల పరిమాణం పెంచితే సరిపోతుందని కొందరు అనుకుంటారు. ఆ మార్పు మెనూలకు, సందేశాలకు పనిచేస్తుంది; స్లయిడు మీది అక్షరాలు దానితో ఒక్క పిసరు కూడా పెరగవు. పనికొచ్చేవి రెండే: ఫోనును అడ్డంగా తిప్పడం, రెండు వేళ్ళతో స్లయిడును సాగదీయడం. ఫోనును తిప్పినా తెర తిరగకపోతే, తెర తిరగకుండా ఆపే తాళం పడి ఉందేమో పై నుంచి జారే ప్యానెల్‌లో చూడాలి. ప్రదర్శన రూపంలో వేళ్ళతో సాగదీయడానికి యాప్ ఒప్పుకోకపోతే మామూలు చదివే రూపానికి రావాలి. అప్పటికీ చాలకపోతే ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోనులోనూ దృష్టిలోపం ఉన్నవారి కోసం ఉంచిన తెర పెద్దదిచేసే సౌకర్యాన్ని యాక్సెసిబిలిటీ సెట్టింగులలో తెరవాలి. అది యాప్‌తో సంబంధం లేకుండా తెర మొత్తాన్ని పెద్దది చేస్తుంది కాబట్టి ఎవరికైనా పనికొస్తుంది.

చేతి కంప్యూటర్ల తొలినాళ్ళలో కొరత మరొక రకంగా ఉండేది. 1996లో వచ్చిన పామ్ పైలట్ తెర 160 పిక్సెళ్ళ వెడల్పు, 160 పిక్సెళ్ళ ఎత్తు. దాని మీద 4:3 స్లయిడును నింపితే 18 పాయింట్ల అక్షరానికి 4 పిక్సెళ్ళ ఎత్తు మిగులుతుంది, ఆ నాలుగు చుక్కలలో అక్షరం రూపమే నిలవదు. 2000లో మొదలైన పాకెట్ పీసీల తెర 240 పిక్సెళ్ళ వెడల్పు, 320 పిక్సెళ్ళ ఎత్తు. అడ్డంగా తిప్పితే అది సరిగ్గా 4:3 అవుతుంది, అదే అక్షరానికి 8 పిక్సెళ్ళు దొరుకుతాయి. ఆంగ్లాన్ని కష్టపడి చదవవచ్చు. 2005లో వచ్చిన విండోస్ మొబైల్ 5.0తో పవర్‌పాయింట్ మొబైల్ కూడా ఇచ్చారు, అయితే దానిలో స్లయిడ్లను చూడగలమే గాని మార్చలేం. అప్పుడు పిక్సెళ్ళు చాలేవి కావు. ఇప్పటి ఫోన్లలో పిక్సెళ్ళు పుష్కలంగా ఉన్నాయి, చాలనివి అంగుళాలు మాత్రమే. అందువల్ల ఇప్పుడు స్లయిడును సాగదీసిన ప్రతిసారీ అక్షరం స్పష్టంగానే పెరుగుతుంది. అటువంటి పాత పరికరం ఇంకా ఎవరి దగ్గరైనా పనిచేస్తూ ఉంటే, స్లయిడ్లను 320, 240 పిక్సెళ్ళ జేపెగ్ బొమ్మలుగా మార్చి మెమరీ కార్డులో వేసుకోవడం అన్నిటికన్నా సులువైన దారి.

వచ్చిన ఫైలు ఏ రకానిది

ఫైలు పేరు చివరి అక్షరాలను చూడటం మొదటి పని. పీపీటీఎక్స్ అని ఉంటే అది 2007 ఆఫీస్‌తో వచ్చిన రూపం. పీపీటీ అని ఉంటే అంతకు ముందుది. రెండూ పవర్‌పాయింట్ యాప్‌లోనూ గూగుల్ స్లయిడ్స్‌లోనూ తెరుచుకుంటాయి. పీపీఎస్ఎక్స్ అనేది కంప్యూటరులో తెరవగానే నేరుగా ప్రదర్శన మొదలయ్యే రూపం, ఫోనులో చదవడానికి దానికీ పీపీటీఎక్స్‌కూ పెద్ద తేడా లేదు. పీపీటీఎమ్ అంటే లోపల మాక్రోలు, అంటే కొన్ని పనులను వాటంతట అవే చేసే చిన్న ప్రోగ్రాములు, ఉన్నాయని అర్థం. ఫోనులోని ఆఫీస్ యాప్‌లు మాక్రోలను నడపవు, కాబట్టి వాటి మీద ఆధారపడిన బటన్లు కదలవు. తెలియనివారి నుంచి అటువంటి ఫైలు వస్తే కంప్యూటరులో కూడా తెరవకుండా ఉండటమే మంచిది.

కీ అనే చివరి పేరుతో వచ్చేది ఆపిల్ కీనోట్ ఫైలు. ఐఫోను, ఐప్యాడ్‌లలో కీనోట్ ఉచితంగా దొరుకుతుంది; ఆండ్రాయిడ్‌కు ఆ యాప్ లేదు. ఆండ్రాయిడ్ ఫోనులో దానితో కుస్తీ పట్టే బదులు, పంపినవారిని అదే ఫైలును పీడీఎఫ్‌గా మార్చి మళ్ళీ పంపమని అడగడం మేలు, వారికది నిమిషం పని. ఓడీపీ అనేది లిబ్రెఆఫీస్ ఇంప్రెస్ వాడే రూపం. కొలాబొరా ఆఫీస్ అనే యాప్ దానిని ఫోనులో తెరుస్తుంది.

ఫైలుకు బదులు లంకె మాత్రమే వస్తే అది మన ఫోనులో లేనట్టే లెక్క. నెట్ ఉన్నంతసేపు తెరుచుకుంటుంది, సిగ్నల్ పోగానే తెర తెల్లబడుతుంది. గూగుల్ స్లయిడ్స్ లంకె అయితే యాప్‌లో మూడు చుక్కల మెనూ తెరిచి, నెట్ లేనప్పుడు కూడా అందుబాటులో ఉంచమని ఎంచుకోవచ్చు, లేదా అదే మెనూ నుంచి పీడీఎఫ్‌గా దాచుకోవచ్చు. పంచుకున్నవారు డౌన్‌లోడ్‌ను ఆపి ఉంటే ఆ వీలు కనిపించదు, అప్పుడు వారినే అడగాలి.

మెయిల్‌లో జతచేసిన ఫైలును తాకగానే కనిపించేది చాలాసార్లు అసలు ఫైలు కాదు, దాని నమూనా మాత్రమే. ఆ నమూనాలో కదలికలు ఉండవు, వీడియోలు ఆడవు, ఫాంట్లు మారిపోతాయి. ఐఫోనులోని ఫైల్స్ యాప్ కూడా స్లయిడ్లను ఒకదాని కింద ఒకటిగా పేర్చి ఇటువంటి నమూనానే చూపుతుంది. త్వరగా చూసి వదిలేయడానికి అది చాలు. జాగ్రత్తగా చదవవలసినప్పుడు ఫైలును డౌన్‌లోడ్ చేసి, తగిన యాప్‌ను ఎంచుకుని దానిలో తెరవాలి. నమూనాలో బొమ్మ కనిపించలేదని పంపినవారిని తప్పుపట్టే ముందు ఈ ఒక్క పని చేసి చూడటం న్యాయం.

తెలుగు అక్షరాలు ఎందుకు చెదురుతాయి

దీనికి కొంచెం ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే తెలుగు స్లయిడ్ల విషయంలో అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే.

పీపీటీఎక్స్ ఫైలులో మామూలుగా అక్షరాల రూపాలు ఉండవు. ఏ అక్షరం, ఏ ఫాంటులో, ఎంత కొలతలో అన్న వివరం మాత్రమే ఉంటుంది. ఆ ఫాంటును తెరిచే పరికరమే సమకూర్చుకోవాలి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి, విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మలా యూఐ తెలుగుకు వచ్చాయి. ఇవి ఆండ్రాయిడ్ ఫోనులో ఉండవు. అక్కడ సాధారణంగా నోటో కుటుంబపు తెలుగు ఫాంటు ఉంటుంది. ఐఫోనులో కోహినూర్ తెలుగు ఉంటుంది. యూనికోడ్‌లో, అంటే ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే అంతర్జాతీయ పద్ధతిలో, రాసిన స్లయిడయితే ఫోను తన దగ్గర ఉన్న ఫాంటుతో దానిని చూపిస్తుంది. చదవగలం, కానీ ఒక్కొక్క ఫాంటులో అక్షరాల వెడల్పు ఒక్కొక్క రకంగా ఉంటుంది కనుక ఒక వరుసలో సరిపోయిన శీర్షిక రెండు వరుసలవుతుంది, రెండవ వరుస కిందనున్న బొమ్మ మీదికి ఎక్కుతుంది, పట్టికలోని మాట గడి దాటి బయటికి వస్తుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు యూనికోడ్ కాని ఫాంట్లతో వస్తుంది. అను వంటి ఫాంట్లు అచ్చుపనిలో ఎంతో కాలంగా వాడుకలో ఉన్నాయి, ఎన్నో పాఠాలు వాటితోనే తయారయ్యాయి. ఈ ఫాంట్లలో తెలుగు అక్షరాల బొమ్మలను రోమన్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాలలో కూర్చారు. కంప్యూటరులో ఆ ఫాంటు ఉన్నంతవరకు తెర మీద చక్కని తెలుగే కనిపిస్తుంది, ఫైలు లోపల మాత్రం ఉన్నవి రోమన్ అక్షరాలూ గుర్తులే. ఆ ఫాంటు లేని ఫోనులో తెరవగానే ముసుగు తొలగి ఆ గుర్తులే బయటపడతాయి. ఒకసారి ప్రయాణంలో నలభై స్లయిడ్ల పాఠమంతా నాకు ఇలాగే కనిపించింది. బొమ్మల కింది అంకెలు తప్ప ఒక్క మాట కూడా చదవలేకపోయాను. ఫైలు పాడయిందనుకుని రెండుసార్లు మళ్ళీ తెప్పించుకున్నాను. ఫైలు బాగానే ఉంది, లేనిది ఫాంటు మాత్రమేనని తరువాత తెలిసింది.

ఏ రకం ఫాంటో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. స్లయిడు మీది ఒక తెలుగు మాటను ఎంచి కాపీ చేసి, సందేశం రాసే పెట్టెలో అతికించాలి. తెలుగు మాటే వస్తే అది యూనికోడ్. రోమన్ అక్షరాలు, గుర్తులు వస్తే కాదు. స్లయిడ్లు తయారుచేసేవారు పంపే ముందు ఈ పరీక్ష ఒక్కసారి చేస్తే, చదివేవారికి ఎంత శ్రమ తప్పుతుందో చెప్పలేను. కొత్తగా తయారుచేసే స్లయిడ్లను యూనికోడ్‌లోనే రాయడం సరైన పద్ధతి. నోటో సాన్స్ తెలుగు, మండలి, సురన్న, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి కనుక అందం కోసం పాత ఫాంట్లను ఆశ్రయించవలసిన అవసరం ఇప్పుడు చాలా తగ్గింది.

విండోస్‌లోని పవర్‌పాయింట్‌లో ఫైల్ మెనూ నుంచి ఆప్షన్స్‌కు, అక్కడి నుంచి సేవ్ విభాగానికి వెళితే ఫాంట్లను ఫైలులోనే పొదిగే ఏర్పాటు కనిపిస్తుంది. అది మంచిదే, ఫైలు కొంత పెరిగినా పరవాలేదు. కానీ ఇలా పొదిగిన ఫాంట్లను తెరిచే యాప్‌లన్నీ పట్టించుకోవు, పైగా కొన్ని ఫాంట్ల లైసెన్సు పొదగడానికి ఒప్పుకోదు. కాబట్టి దీన్ని నమ్ముకుని ఊరుకోకూడదు.

పీడీఎఫ్‌గా మార్చడం, అందులోని మెలకువలు

చదవడమే ఉద్దేశమైతే, స్లయిడ్లను కంప్యూటరులో పీడీఎఫ్‌గా మార్చి ఫోనులోకి తెచ్చుకోవడమే నేను ముందుగా సూచించే పద్ధతి. పీడీఎఫ్ 1993లో అడోబీ సంస్థ తెచ్చిన రూపం, 2008లో అంతర్జాతీయ ప్రమాణమయింది. పేజీ ఎక్కడ తెరిచినా ఒకేలా కనిపించాలన్నదే దాని ఉద్దేశం. కావలసిన అక్షరాల రూపాలు ఆ ఫైలులోనే కలిసి వస్తాయి కాబట్టి, అనులో రాసినదైనా గౌతమిలో రాసినదైనా ఫోనులో తెలుగు తెలుగుగానే కనిపిస్తుంది. ఒక్క పరిమితి మిగులుతుంది: యూనికోడ్ కాని ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌లో తెలుగు మాటను వెతికితే దొరకదు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు కూడా అది అర్థం కాదు.

పవర్‌పాయింట్‌లో ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ ద్వారా గాని, సేవ్ యాజ్‌లో పీడీఎఫ్‌ను ఎంచుకుని గాని దీన్ని చేయవచ్చు. మార్చేటప్పుడు ఆప్షన్స్ అన్న చోట ఏమి ప్రచురించాలో అడుగుతుంది. అక్కడ స్లయిడ్స్ అన్నదే ఉండేలా చూడాలి. హ్యాండవుట్స్ ఎంచుకుని పేజీకి ఆరు స్లయిడ్లు పేర్చిన పీడీఎఫ్‌లు తరచుగా వస్తుంటాయి. కాగితం ఆదా చేయడానికి పుట్టిన ఆ అమరిక ఫోను తెర మీద చదివేవారికి శిక్షే.

కదలికలతో నిండిన స్లయిడ్ల దగ్గర జాగ్రత్త కావాలి. ఒక బొమ్మ వచ్చి, మాయమై, దాని చోట ఇంకొకటి వచ్చేలా కూర్చిన స్లయిడును పీడీఎఫ్ చేస్తే అవన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే పేజీలో ఇరుక్కుంటాయి. కింద ఉన్నది ఎప్పటికీ కనిపించదు. దీనికి మందు ఒకటే: ఆ స్లయిడును కావలసినన్ని సార్లు నకలు తీసి, ఒక్కొక్క నకలులో ఒక్కొక్క దశ మాత్రమే మిగిల్చి, మిగతావి తొలగించాలి. కాస్త శ్రమే, కానీ గణిత నిరూపణ వంటి మెట్టు మెట్టుగా సాగే విషయాలకు దీని విలువ ఎక్కువ. ఫోనులో వేలితో పేజీలు తిప్పుతుంటే ఆ దశలు వరుసగా వచ్చి, అసలు ప్రదర్శన చూసినట్టే ఉంటుంది.

కదలికలు, గొంతు, వీడియో అన్నీ కావాలంటే పీడీఎఫ్ సరిపోదు. పవర్‌పాయింట్‌లోని ఎక్స్‌పోర్ట్‌లోనే ప్రదర్శన మొత్తాన్ని ఎంపీ4 వీడియోగా మార్చే వీలుంది. విడిగా సమయం పెట్టని స్లయిడుకు అది మామూలుగా 5 సెకన్లు ఇస్తుంది. పాఠ్యం ఎక్కువగా ఉన్న స్లయిడ్లకు ఆ వ్యవధి చాలదు, ముందే పెంచుకోవాలి. ఎంపీ4 దాదాపు ప్రతి ఫోనులోనూ ఆడుతుంది, కావలసిన చోట ఆపి చదువుకోవచ్చు. పాత ప్రదర్శనలలో మరొక చిక్కు కూడా ఉంటుంది. పవర్‌పాయింట్ 2007 వరకు వీడియోలు స్లయిడ్ల ఫైలు లోపల ఉండేవి కావు, పంపినవారి కంప్యూటరులోని వీడియో ఫైలు చిరునామా మాత్రమే ఉండేది. 2010 నుంచి వీడియో లోపలే చేరడం మొదలయింది. పాత పీపీటీ ఫైలులో వీడియో చోట నల్లని పెట్టె కనిపిస్తే, ఆ వీడియో మనకు రానేలేదని గ్రహించి విడిగా అడిగి తెప్పించుకోవాలి.

స్లయిడ్ల నిండా పేరాలే ఉన్నప్పుడు

కొందరి స్లయిడ్లు వ్యాసాల్లా ఉంటాయి. ఒక్కొక్కదానిలో పది వరుసలు, 14 పాయింట్ల అక్షరాలు. అటువంటివాటిని ఫోను మీద ఎంత సాగదీసినా, ప్రతి వరుసకూ తెరను కుడికీ ఎడమకూ జరుపుతూ చదవవలసి వస్తుంది, పావుగంటలో విసుగు పుడుతుంది. ఇక్కడ స్లయిడును స్లయిడుగా చూడాలన్న పట్టుదలే వదులుకోవాలి. కంప్యూటరులోని పవర్‌పాయింట్‌లో సేవ్ యాజ్ తెరిచి, ఫైలు రకాల జాబితాలో అవుట్‌లైన్ ఆర్‌టీఎఫ్ అన్నది ఎంచుకుంటే, స్లయిడ్ల శీర్షికలూ వాటి కింది పాఠ్యమూ మాత్రమే ఒక మామూలు పత్రంగా దిగుతాయి. ఫోనులో డాక్యుమెంట్లు తెరిచే యాప్‌లో దాన్ని తెరిచి, తెరకు తగ్గట్టు సర్దుకునే చదివే రూపం ఎంచుకుంటే వాక్యాలు విరిగి సర్దుకుంటాయి, అక్షరాలను కావలసినంత పెంచుకోవచ్చు. విడిగా గీసిన టెక్స్ట్ బాక్సులలో రాసినది, బొమ్మలలో ఉన్నది ఇందులోకి రాదు; స్లయిడు నమూనాలో ముందే ఇచ్చిన చోట్లలో టైపు చేసినదే వస్తుంది. అందుకని ఈ పత్రంతో పాటు పీడీఎఫ్‌ను కూడా ఉంచుకుని, పాఠ్యం ఇక్కడ చదివి, బొమ్మలు అక్కడ చూడటం నాకు బాగా కుదిరిన పద్ధతి.

వక్త రాసుకున్న నోట్సు కావాలనుకుంటే మరొక దారి పట్టాలి. నోట్స్ పేజీలుగా పీడీఎఫ్ చేస్తే పైన స్లయిడు, కింద నోట్సు వస్తాయి. నోట్సు మామూలుగా 12 పాయింట్లలో ఉంటాయి, నిలువుగా పట్టిన ఫోను మీద అవి 4 పాయింట్లకు పడిపోతాయి. విండోస్ పవర్‌పాయింట్‌లో ఎక్స్‌పోర్ట్ కింద క్రియేట్ హ్యాండవుట్స్ ద్వారా స్లయిడ్లనూ నోట్సునూ వర్డ్ పత్రంలోకి పంపవచ్చు. ఆ పత్రంలో నోట్సు మామూలు పాఠ్యంగా ఉంటాయి కనుక చదవడం తేలిక.

చిన్న చిన్న అక్షరాలతో నిండిన పటమో రేఖాచిత్రమో స్లయిడులో ఒక మూలకు ఒదిగి ఉంటే, దాని అసలు బొమ్మను బయటికి తీయవచ్చు. పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ సంచి. దాని నకలు ఒకటి తీసి, పేరు చివర జిప్ అని మార్చి, ఫైల్ మేనేజరులో విప్పితే లోపల పీపీటీ అనే ఫోల్డరు, అందులో మీడియా అనే ఫోల్డరు ఉంటాయి. స్లయిడ్లలో వాడిన బొమ్మలన్నీ అక్కడే దొరుకుతాయి, స్లయిడు మీద కుదించి చూపినవి కూడా చాలాసార్లు పూర్తి పరిమాణంలో ఉంటాయి.

బొమ్మలుగా తీసుకెళ్ళడం

పీడీఎఫ్ తెరిచే యాప్ కూడా లేనివారికి, లేదా ఫోను గ్యాలరీలోనే వేలితో జరుపుతూ చూడాలనుకునేవారికి స్లయిడ్లను పీఎన్‌జీ బొమ్మలుగా మార్చి ఇవ్వవచ్చు. పవర్‌పాయింట్ మామూలుగా 16:9 స్లయిడును 1280, 720 పిక్సెళ్ళ బొమ్మగా ఇస్తుంది. ఫోనులో చూడటానికి అది చాలు, బాగా సాగదీసి చదవాలంటే మాత్రం అంచులు మసకబారతాయి. పేర్లు స్లయిడ్ 1, స్లయిడ్ 2 అని వరుసగా వస్తాయి కానీ, పేరు ప్రకారం అమర్చే కొన్ని యాప్‌లు 1 తరువాత 10ని, ఆ తరువాత 11ని చూపి, 2ని ఎక్కడికో నెట్టేస్తాయి. పంపే ముందు 01, 02 అని పేర్లు మార్చుకుంటే వరుస చెదరదు. వాట్సాప్ వంటివాటిలో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి. ఫొటోగా పంపితే పరిమాణం కుదించి, సన్నని అక్షరాలను చెరిపేస్తుంది. చూపు లేనివారికి స్లయిడ్లు చేరవలసి ఉంటే బొమ్మల పద్ధతి అసలు వాడకూడదు, ఎందుకంటే టాక్‌బ్యాక్, వాయిస్ఓవర్ వంటి చదివి వినిపించే సౌకర్యాలకు బొమ్మలోని అక్షరాలు నమ్మకంగా అందవు. వారికి యూనికోడ్‌లో ఉన్న అసలు ఫైలే పంపాలి.

బయలుదేరే ముందు

ఫోనులోని స్లయిడ్లను మరొక పెద్ద తెర మీద చూపవలసి వస్తుందని అనుకుంటే ముందుగా ఫోను కింది రంధ్రం వీడియోను బయటికి పంపగలదో లేదో తెలుసుకోవాలి. టైప్ సీ రంధ్రం ఉన్న ప్రతి ఫోనుకూ ఆ శక్తి ఉండదు. ఆ రంధ్రం గుండా వీడియోను కూడా పంపే డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే ఏర్పాటు ఉన్నవాటికే ఉంటుంది. ఐఫోన్లలో 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి టైప్ సీ ఉంది, అంతకు ముందువాటికి వేరే అడాప్టరు కావాలి. తెరను కలిపాక ఫోనుకు వచ్చే సందేశాలు అందరికీ కనిపించకుండా, అంతరాయం లేకుండా ఉంచే మోడ్‌ను పెట్టడం మరచిపోకూడదు.

చివరిగా నేను తప్పకుండా చేసే పరీక్ష ఒకటుంది. ఫైలు ఫోనులోకి చేరిందనుకున్నాక విమాన మోడ్ పెట్టి, తెరిచి ఉన్న యాప్‌ను పూర్తిగా మూసి, ఫైలును మళ్ళీ మొదటి నుంచి తెరుస్తాను. ఫైలు లంకెగా మాత్రమే ఉంటే, సగమే డౌన్‌లోడ్ అయి ఉంటే ఇక్కడే బయటపడుతుంది. మొదటి స్లయిడు, చివరి స్లయిడు, మధ్యలో తెలుగు ఎక్కువగా ఉన్న ఒక స్లయిడు, పట్టిక ఉన్న ఒక స్లయిడు చూసి, మొత్తం స్లయిడ్ల లెక్క కంప్యూటరులోని లెక్కతో సరిపోయిందో లేదో సరిచూసుకుంటాను. అన్నీ సరిగా ఉంటే విమాన మోడ్ తీసివేసి, పీడీఎఫ్ నకలును మెయిల్‌లో నాకు నేనే ఒకటి పంపుకుంటాను, ఫోను పోయినా ఇంకొకరి ఫోనులో తెరుచుకోవచ్చు.